ఒక ఎం-బుక్ కథ

నిర్మాణ శాఖల్లో అందరూ ఎం-బుక్ అని పిలిచే కొలతల పుస్తకం, జరిగిన పని పొడవు, వెడల్పు, లోతులను నమోదు చేసి కాంట్రాక్టరు బిల్లుకు ఆధారంగా నిలిచే అధికారిక రికార్డు. ఇక్కడ చెబుతున్న కథ ఒక పుస్తకానిది; అది నల్లరేగడి నేలలో లేచిన ఒక రెండంతస్తుల పాఠశాల భవనానిది. పుటలకు వరుస సంఖ్యలు ముందే పడి, డివిజన్ కార్యాలయం నుంచి అసిస్టెంట్ ఇంజనీరు చేతికి చేరేసరికే దాని నియమాలు ఖరారై ఉన్నాయి: సిరాతోనే రాయాలి, రాసినదాన్ని చెరపకూడదు, తప్పు పడితే గీత కొట్టి పక్కన పొట్టి సంతకం చేయాలి, ఏ పుటనూ చించరాదు.

పుస్తకం శాఖకు చెందినదే అయినా, దాన్ని అందరికంటే శ్రద్ధగా చదువుకోవలసినవాడు కాంట్రాక్టరే. ఐటం రేటు ఒప్పందంలో, అంటే ఒక్కో రకం పనికి యూనిట్‌కు ఇంత అని ముందే రేటు కుదిరిన ఒప్పందంలో, పుస్తకంలోకి ఎక్కిన కొలత అతని రాబడి, సైటులో కరిగిన సిమెంటు, ఇనుము, కూలీ అతని ఖర్చు. ఈ రెంటినీ పని ముగిశాక కాక వారం వారం పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఖర్చు ఎక్కడ గట్టు దాటుతున్నదో తెలుస్తుంది.

తొలి పుటల్లో ఉన్నది పునాది. అంచనాలో 1.5 మీటర్లుగా చూపిన లోతులో గట్టి నేల తగలక, తవ్వకం 2.1 మీటర్ల దాకా పోయింది. మట్టి కప్పాక పునాదిని ఎవరూ కొలవలేరు గనుక, కాంట్రాక్టరు పనిని అక్కడే ఆపి, అదనపు లోతుకు రాతపూర్వకమైన ఆదేశం కోరి, ఇంజనీరు సమక్షంలో కొలతలు నమోదయ్యాకే గుంత పూడ్పించాడు. ఒప్పందంలోని పరిమాణాన్ని మించిన పనిని డీవియేషన్ అనీ, ఒప్పందంలో అసలు లేని పనిని అదనపు ఐటం అనీ అంటారు. రెంటికీ ఆదేశం ముందు, పని తర్వాత అన్న క్రమం తప్పితే, చేసిన పని నిజమైనదే అయినా డబ్బు రావడం కష్టమవుతుంది. “ముందు చేసేయండి, తర్వాత చూద్దాం” అన్న నోటిమాటను నమ్మి చితికిపోయిన చిన్న కాంట్రాక్టర్ల సంగతి తలచుకుంటే, ఈ జాగ్రత్త ఎంత అవసరమో అర్థమవుతుంది.

అయితే నష్టం వివాదాల్లోనే కాదు, మిల్లీమీటర్లలోనూ జరుగుతుంది. స్లాబు కాంక్రీటుకు చెల్లింపు డ్రాయింగులో ఉన్న మందానికే లభిస్తుంది కాబట్టి, 125 మి.మీ. ఉండవలసిన స్లాబు సెంట్రింగు పలకలు కుంగి 135 మి.మీ.గా పడితే, వెయ్యి చదరపు మీటర్ల మీద పది ఘనపు మీటర్ల కాంక్రీటు ఉచితంగా పోసినట్టే. 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది గనుక, 80 బస్తాలు లెక్కకు అందకుండా పోయినట్టవుతుంది. ప్లాస్టరింగు సంగతి మరీ దారుణం: దాన్ని చదరపు మీటర్లలో కొలుస్తారు, మందం కొలతలోకి రాదు, అందువల్ల గోడను తూకం తప్పి కట్టిన మేస్త్రీ పొరపాటును 12 మి.మీ. బదులు 20 మి.మీ. పూతతో సరిచేస్తే, ఆ పొరపాటు ధరంతా కాంట్రాక్టరు మీదే పడుతుంది. ఈ భవనంలో మొదటి అంతస్తు పూతలకు సిమెంటు ఎక్కువగా పోతున్నదని వారపు లెక్కలో తేలగానే, కాంట్రాక్టరు పూతపనివారిని తప్పుపట్టకుండా తాపీపనివారి దగ్గరికి వెళ్లి, రెండో అంతస్తులో ప్రతి వరుసకూ తూకపు గుండు వేయించాడు. కారణాన్ని దాని మూలంలో వెతకడం తెలిసిన మనిషి అతను.

ఇనుముకూ ఇదే వర్తిస్తుంది. 12 మి.మీ. కడ్డీకి మీటరుకు 0.888 కిలోల ప్రామాణిక బరువును మించి చెల్లింపు ఉండదు, కొనుగోలు మాత్రం కాటా బరువుకు జరుగుతుంది. కడ్డీ అనుమతించిన హద్దులోనే కాస్త బరువుగా వచ్చినా, టన్నుకు వచ్చే మీటర్లు తగ్గి నష్టం మిగులుతుంది. పన్నెండు మీటర్ల కడ్డీలో అయిదేసి మీటర్లవి రెండు కోస్తే మిగిలే రెండు మీటర్ల ముక్క తుక్కులోకి పోకుండా లింటెల్‌కు పనికొచ్చేలా, ఏ కడ్డీ ఎక్కడ ఎంత పొడవుకు కోయాలో చెప్పే బార్ బెండింగ్ షెడ్యూలును కోతకు ముందే వేయించడం అతని మరో పద్ధతి.

ధరల పెరుగుదల అతని చేతిలో లేదు. దీర్ఘకాలపు ఒప్పందాల్లో దానికి సూచీల ఆధారంగా పరిహారమిచ్చే షరతు ఉంటుంది. డ్రాయింగులు ఆలస్యమైన రోజుల్లోనూ అద్దె సెంట్రింగు, కాపలా, జీతాల ఖర్చు ఆగదు గనుక, ఆ రోజులను అవరోధాల రిజిస్టరులో వెంటనే రాయించి గడువు పొడిగింపుకు ఆధారం చేసుకోవాలి.

తుది బిల్లు చెల్లించాక పుస్తకం రికార్డు గదికి చేరింది. కాంట్రాక్టరు తన దగ్గర ఉంచుకున్న కొలతల నకళ్లను సిమెంటు రిజిస్టరుతో పోల్చి ఒక్కో ఐటంకు అసలు పట్టిన సరుకును తేల్చుకున్నాడు. తర్వాతి టెండరులో ప్లాస్టరింగుకు రేటు కట్టినప్పుడు, 12 మి.మీ. మందానికి కాగితం మీద వచ్చే సిమెంటును కాక, ఈ పాఠశాల రెండో అంతస్తులో చదరపు మీటరుకు నిజంగా పట్టిన సిమెంటును లెక్కలోకి తీసుకున్నాడు.