మంచి ప్రవక్తను ఎంచుకోవడం ఎలా?

కొత్త సంవత్సరం దగ్గరికొస్తోంది. ఏ దైవజనుడి దగ్గర ప్రవచనం అందుకోవాలా అని సతమతమయ్యే విశ్వాసుల కోసం ఈ నాలుగు మాటలు.

ముందు ఫ్లెక్సీ చూడండి. పేరుకు ముందు ‘ప్రవక్త’, దానికి ముందు ‘డాక్టర్’, ఇంకా ముందు ‘అంతర్జాతీయ’ ఉంటే సగం పని అయిపోయినట్టే. యేసుక్రీస్తు పేరు ఏ మూలనుందో వెతుకుతూ కూర్చోకండి.

తర్వాత తలలు లెక్కపెట్టండి. ఎక్కువమంది చెప్పిందే దేవుడి మాట. అహాబు రాజు పద్ధతి ఇదే. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోనా, మాననా అని అడిగితే దాదాపు నాలుగు వందల మంది ప్రవక్తలు పొమ్మన్నారు. సిద్కియా అనే ఆయనైతే ఇనుప కొమ్ములు తయారుచేసుకుని మరీ వచ్చి, వీటితో సిరియనులను పొడిచేస్తావన్నాడు. అప్పటికి ఎల్‌ఈడీ తెరలు లేవు మరి. మీకాయా ఒక్కడే అడ్డం తిరిగాడు. పిలవడానికి వెళ్ళిన మనిషి ముందే చెవిన వేశాడు: అందరూ మంచే పలికారు, నువ్వూ అదే పలికెయ్యమని. ఎంత బంగారం లాంటి సలహా! వినలేదు. సిద్కియా చేత చెంపదెబ్బ తిని చెరసాలకు పోయాడు. అహాబు మారువేషంలో యుద్ధానికి వెళ్ళాడు. ఎవడో గురి చూడకుండా వేసిన బాణం కవచం అతుకుల మధ్య దిగి, సాయంత్రానికి ప్రాణం పోయింది. అయితేనేం, మెజారిటీ మెజారిటీయే.

ఇక ప్రవచనం. స్టేజీ మీంచి ఆయన మీ ఫోన్ నంబరు, మీ ఆవిడ పేరు, మీ అబ్బాయి వీసా సంగతి చెప్పాడా, అక్కడికక్కడే మోకాళ్ళూనండి. గేటు దగ్గర వాలంటీరు ఇచ్చిన ప్రార్థన మనవి చీటీలో అవన్నీ రాసింది మీరేనన్న సంగతి తలచుకోకండి. అలాంటి అనుమానాలు సాతాను పెట్టేవి.

చెప్పింది జరక్కపోతే? అది దేవుడి మాట కాదంటుంది ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం. 13వ అధ్యాయం ఇంకా ఇబ్బంది: సూచన నిజమైనా సరే, వేరే దేవుళ్ళ వైపు నడిపించేవాడి మాట వినొద్దంటుంది. రెండూ దాటేయండి. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు రాకడ కోసం ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, ఆ రోజు గడిచిపోయాక అక్టోబరు 21 అన్నాడు. పాపం, తేదీ చెప్పి దొరికిపోయారు. మీ ప్రవక్త అంత అమాయకుడు కాడు. ‘ఈ ఏడాది నీకు ద్వారాలు తెరుచుకుంటాయి’ అంటాడు. ఏ ద్వారం, ఎప్పుడు అని అడక్కండి. 2019 డిసెంబరు 31 రాత్రి ఆయన ఏం పలికాడో ఆ వీడియో అసలు తీయకండి. తెరుచుకోలేదంటే లోపం మీ విశ్వాసంలో ఉంది. కానుక కవరులోనూ ఉండొచ్చు.

కానుకంటే గుర్తొచ్చింది. తొలి సంఘాల నాటి ‘దిదఖే’ అనే చిన్న పుస్తకం ప్రతి ఒకటి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది. ఆత్మ పేరు చెప్పి నాకు డబ్బివ్వండి అనేవాడి మాట వినొద్దనీ, ఆత్మావేశంలో భోజనం పెట్టమని చెప్పి తనే కూర్చుని తినేవాడు అబద్ధ ప్రవక్త అనీ అందులో రాశారు. లేనివాళ్ళ కోసం అడిగితే మాత్రం తప్పు పట్టొద్దట. ఈ కొలత పెడితే మన స్టేజీల మీద ఎంతమంది మిగులుతారు? ఆ పుస్తకం జోలికి పోకండి.

అన్నిటికంటే ముఖ్యం, చెవికి ఇంపుగా ఉండాలి. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుందని హనన్యా అన్నాడు. యిర్మీయా మెడ మీది కొయ్యకాడిని లాగి విరిచి చూపించాడు కూడా. యిర్మీయా ఏమన్నాడు? డెబ్బై ఏళ్ళన్నాడు, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండని చెరలోని వాళ్ళకు ఉత్తరం రాశాడు. డెబ్బై ఏళ్ళ వాగ్దానానికి కానుక ఎవరు వేస్తారు? హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు, కొన్నేళ్ళకు యెరూషలేము తగలబడింది. ఈ సంగతులన్నీ బైబిల్లోనే ఉన్నాయి కాబట్టి, కూటానికి వెళ్ళేటప్పుడు దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.