పెంచిన గూటి పిలుపు

నా బరువు 8 గ్రాములు. ఒంటికన్నా తోకే పొడవు, అందుకే మనుషులు నన్ను లాంగ్ టెయిల్డ్ టిట్ అన్నారు. ఇంగ్లండులో షెఫీల్డ్ పక్కన ఉన్న రివెలిన్ లోయ మాది.

నేను పుట్టింది ఒక గూట్లో, పెరిగింది ఇంకో గూట్లో. ఈకలైనా రాని పసితనంలో ఒక పరిశోధకుడి చెయ్యి నన్ను తీసి వేరే పిల్లల మధ్య పెట్టింది.

ఆ గూడంటే నాకు ప్రాణం. నాచును సాలీడు దారాలతో అల్లి, పైన లైకెన్ అద్ది, లోపల వెయ్యికి పైగా ఈకలు పరిచారు. మేం ఎదిగేకొద్దీ గోడలు సాగి చోటిచ్చేవి. పక్కన చిన్న కంత, అంతే. ఆ మసకలో మొహాలకన్నా ముందు మాకు గొంతులే తెలిశాయి. పురుగు నోట కరుచుకొచ్చిన అమ్మా నాన్నా ‘చుర్ర్’మనేవారు. ఆ విరుపే మా అందరికీ పట్టుబడింది. రెక్కలొచ్చి బయటపడేసరికి నా చుర్రు పెంచినవాళ్ళదే. అది మళ్ళీ మారలేదు.

నాలా గూళ్ళు మార్చిన పిల్లల పిలుపులను స్టూవర్ట్ షార్ప్, బెన్ హాచ్‌వెల్ బృందం రికార్డు చేసి పోల్చింది. అవి పెంపుడు తోబుట్టువుల పిలుపుల్లాగే ఉన్నాయని 2005లో ‘నేచర్’ పత్రికలో రాసింది. మా పిలుపు రక్తంతో రాదు, సాకినవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

చలికాలమంతా గుంపుగా తిరిగాం. రాత్రిళ్ళు ఒకే కొమ్మ మీద వరసగా, ఒకరికొకరం ఒత్తుకుని పడుకునేవాళ్ళం. కన్నవాళ్ళు ఏ పొదలోంచో పిలిచే ఉంటారు. నాకు మాత్రం అది పరాయి గొంతే.

ఈ వసంతంలో నేనూ గూడు కట్టాను. పిల్లలు ఎగరకముందే ఏదో వేటపక్షి చీల్చేసింది. మాలో చాలా గూళ్ళ గతి ఇదే. మళ్ళీ కట్టే రోజులు దాటిపోయాయి. పొదల వెంట తిరుగుతుంటే ఒక చుర్రు వినిపించింది. అది నాతో పెరిగిన అన్న గొంతు. వాడి గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

ఇప్పుడు నేనూ వాళ్ళకి పురుగులు మోస్తున్నాను. గూటి కంత దగ్గర వాలి నేను ‘చుర్ర్’మంటే, లోపలున్న పిల్లలు వింటున్నారు.