ఓటమి సమీక్ష: ఒక పరిచయం

ఓటమి సమీక్ష అంటే ఎన్నికల్లో చిత్తుగా ఓడిన పార్టీ, ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు జరుపుకునే తంతు. హాజరయ్యేవారు రెండు రకాలు: ఓడిపోయిన అభ్యర్థులు, వాళ్లు ఓడిపోయేలా సలహాలిచ్చిన పెద్దలు. రెండో రకం వేదిక మీద కూర్చుంటుంది. అధినేత మొదట మాట్లాడతారు, మధ్యలో మాట్లాడతారు, చివర్లోనూ మాట్లాడతారు. కార్యకర్త చేతికి మైకు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. సాయంత్రానికి, ప్రజాతీర్పును శిరసావహిస్తున్నామని ప్రకటన వెలువడుతుంది. ఆ తీర్పు ఎంత పొరపాటో వివరించే పని మర్నాటి నుంచి మొదలవుతుంది.

సమీక్షలో ముందుగా పట్టుబడే ముద్దాయి ఓటింగ్ యంత్రం. ఆడలేనమ్మ మద్దెల ఓడంటుంది. పార్టీలు ఈవీఎం అంటాయి. 2009లో ఢిల్లీలో బీజేపీ, హైదరాబాద్‌లో తెలుగుదేశం ఓడినప్పుడు యంత్రాలకు జబ్బు చేసింది. మరుసటి ఏడాది బీజేపీకి చెందిన జీవీఎల్ నరసింహారావు ఏకంగా పుస్తకం రాశారు, దానికి అద్వానీ ముందుమాట కూడా ఉంది. 2014లో ఆ రెండు పార్టీలూ కలిసి గెలవగానే జబ్బు నయమైంది. 2019లో తెలుగుదేశానికి మళ్లీ అనుమానం కలిగింది. 151 సీట్లు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు మాత్రం అవే యంత్రాలు కడిగిన ముత్యాల్లా కనిపించాయి. 2024లో 11కు పడిపోయాక, బ్యాలెట్ పేపరే మేలన్న జ్ఞానోదయం ఈసారి ఆ పార్టీకి అయింది. ఒక్క రోగం ఇన్ని పార్టీలు మారడం వైద్యశాస్త్రంలో అరుదు.

రెండో ముద్దాయి ఓటరు. ఇతని మీద అభియోగం విశ్వాసఘాతుకం. ఖజానా సొమ్ముతో ఇచ్చినదాన్ని పార్టీలు సొంత జేబులోంచి ఇచ్చిన చేబదులుగా రాసుకుంటాయి, పోలింగ్ రోజున వడ్డీతో వసూలవుతుందని చూస్తాయి. 2019 ఎన్నికల ముంగిట డ్వాక్రా మహిళలకు పసుపు-కుంకుమ పేరుతో పదివేలు ప్రకటించిన తెలుగుదేశానికి దక్కినవి 23 సీట్లు. తర్వాతి అయిదేళ్లూ నగదు బదిలీ పథకాలకు బటన్ నొక్కిన జగన్‌మోహన్ రెడ్డి, 2024 ఫలితాల రోజున అంతమంది అక్కచెల్లెమ్మల ప్రేమ ఏమైపోయిందో తెలియడం లేదని విలేకరుల ముందు బాధపడ్డారు. 175కి 175 ఎందుకు రావని అడిగిన పార్టీకి జవాబు లెక్క తేడా లేకుండా వచ్చింది: 164 కూటమి తీసుకుంది.

ఆ ప్రేమ ఎటు పోయిందో తెలుసుకోవడానికి కమిటీ అక్కర్లేదు, పట్టాదారు పాసుపుస్తకం ఒకటి చాలు. తాత కొన్నదో, తండ్రి పంచిందో రెండెకరాలు. శిస్తు కట్టిన రసీదులు ట్రంకు పెట్టెలో భద్రం. రీసర్వే అయ్యాక చేతికొచ్చిన కొత్త పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి నవ్వుతున్నారు. పొలం గట్టుకు వెళ్తే హద్దురాయి మీదా పథకం పేరుతో పాటు జగనన్న పేరే. అదే ప్రభుత్వం తెచ్చిన భూయాజమాన్య హక్కుల చట్టం భూములు మింగుతుందన్నది ప్రతిపక్షాల దుష్ప్రచారమని వైఎస్సార్ కాంగ్రెస్ ఇప్పటికీ అంటుంది. కొంత నిజమే కావచ్చు. కానీ అట్ట మీద ఫొటో వేయించింది ప్రతిపక్షాలు కావు. ఎవరి భూమో చెప్పాల్సిన పుస్తకం మీద వేరొకరి బొమ్మ చూసిన రైతును భయపెట్టడానికి ఇంకొకరి ప్రచారం ఎంత కావాలి?

తెలంగాణలో సమీక్ష మరో దారి పట్టింది. 2023లో 88 నుంచి 39కి దిగిన బీఆర్ఎస్‌లో, మెడికల్ కాలేజీలు పెట్టే బదులు యూట్యూబ్ చానళ్లు పెట్టి ఉండాల్సిందని ఎవరో అన్నారట. కొంతవరకు నిజమేనని కేటీఆర్ ఒప్పుకున్నారు. అంటే చేసిందంతా సవ్యమే, చెప్పుకోవడంలోనే లోపం. ఫలితాల తర్వాత నాలుగో రోజున, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన డిసెంబరు 7న, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందరి ఇనుప కంచెను గ్యాస్ కట్టర్లతో కోసి తీసేశారు. ఆ కంచె చెప్పినంత స్పష్టంగా ఏ చానల్ చెప్పగలిగేది? తర్వాతి లోక్‌సభ ఎన్నికల్లో 17కు సున్నా వచ్చింది.

జాతీయ స్థాయిలో ఈ విద్యకు కాంగ్రెస్ వారి ఆంటోనీ కమిటీ ప్రామాణికం. 1999లో ఓడినప్పుడు ఆంటోనీ, 2014లో 44 సీట్లకు కుదించుకుపోయినప్పుడూ ఆంటోనీ. నాయకత్వం తప్పేమీ లేదని రెండోసారి తేలింది.

సమీక్ష తర్వాతి ఘట్టం పాదయాత్ర. 2003 ఎండల్లో రాజశేఖర రెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచి, మరుసటి ఏడాది గెలిచారు. అప్పటి నుంచి తెలుగు రాజకీయాల్లో నమ్మకానికి కొలమానం కిలోమీటరు. చంద్రబాబు నడిచారు, జగన్ 3,648 కిలోమీటర్లు నడిచారు, లోకేశ్ 3,132 నడిచారు, గెలుపూ వచ్చింది. సూత్రం రుజువైనట్టే కనిపిస్తుంది, తెలంగాణలో వేల కిలోమీటర్లు నడిచిన షర్మిల పార్టీని మరిచిపోతే. 2023లో ఆ పార్టీ అసలు పోటీయే చేయలేదు. 2003లో పనిచేసింది కాళ్లు కాదు; కరువులో కరెంటు బిల్లు కట్టలేని రైతు గోడు విని, ఉచిత విద్యుత్తు ఇస్తానని మాటివ్వడం. గెలిచాక తొలి సంతకం ఆ ఫైలు మీదే పెట్టారు.

అంతకన్నా పాత పాఠం 1989 నాటిది. ముఖ్యమంత్రిగా ఉంటూనే ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడారు. పార్టీకి 74 సీట్లే మిగిలాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. వాళ్లను కూడగట్టింది ఏ పార్టీ కార్యాలయమూ కాదు, అక్షరాస్యత తరగతులు. అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం 1993 అక్టోబరులో సారా ఒక్కటే ఆపి, మిగతా సీసాలను వదిలేసింది. ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధమన్నారు. 1994లో 216 సీట్లొచ్చాయి, కాంగ్రెస్‌కు 26. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదన్నది వేరే కథ. గెలిపించిన ఆలోచన మాత్రం సలహాదారులది కాదు, ఊరి ఆడవాళ్లది.

వినే ఓపిక లేని పార్టీలకు చౌక మార్గం ఒకటుంది: ఊరికే కూర్చోవడం. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రభుత్వమూ వరుసగా రెండోసారి గెలవలేదు. 2019లో తెలుగుదేశానికి, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు, ఓడినా మిగిలిన ఓట్లు 39 శాతం చొప్పున. ఎదుటివాడి తప్పులు పండేదాకా ఆ ఓట్లను కాచుకుంటే సరిపోతుందని ఇద్దరికీ ధీమా. అయితే ఈ పద్ధతి రెండో స్థానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. అదే రాష్ట్రంలో కాంగ్రెస్ 2014 నుంచి కూర్చునే ఉంది. మూడు శాసనసభ ఎన్నికల్లోనూ ఫలితం సున్నా.