ఇనుపకొట్టు నుంచి ఇంటికప్పు దాకా

నేనొక బోల్టుని. పన్నెండు మిల్లీమీటర్ల లావు, ఒంటి నిండా జింకు పూత. కోనసీమలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఓ పెంకుటింటి కప్పు కింద, రెండు టేకు దూలాలు కలిసేచోట నా కాపురం.

ఇనుపకొట్టులో నా పక్క డబ్బాల్లో మేకులు, మరమేకులు ఉండేవి. ఇంటాయన చూపు వాటి మీదే.

"మేకులు కొట్టేస్తే చవగ్గా పోదూ, మేస్త్రీ?"

"ఆయ్, అడ్డంగా పడే బరువుకి మేకు ఆగుద్దండి. తుపాను గాలి కప్పుని పైకి లాగితే మాత్రం ఊడొచ్చేత్తాదండి. చెక్క కొసలోంచి నారవెంట దిగిన మేకైతే మరీనండి!"

నల్ల మరమేకులనూ మేస్త్రి పక్కన పెట్టేశాడు. గోడ పలకలకు అవి భేషుగ్గా పనికొస్తాయి గానీ పెళుసు. బరువు అడ్డంగా పడితే వంగకుండా పుటుక్కున విరుగుతాయి. బోల్టుల్లోనూ తళతళలాడే పలచటి పూతవాటిని వద్దన్నాడు, ఉప్పుగాలికి అవి త్వరగా తుప్పుపడతాయని. కరిగిన జింకులో ముంచి తీసిన నన్ను ఏరుకున్నాడు.

నన్ను దూర్చడానికి బర్మాతో నా లావు కన్నా ఒక్క మిల్లీమీటరు పెద్ద బెజ్జం వేశాడు. దూలం కొస నుంచి నా లావుకి ఏడు రెట్లు, అంటే 84 మిల్లీమీటర్లు వదిలాడు. కొసకి దగ్గరగా వేస్తే లాగుడుకి చెక్క నారవెంట చీలిపోతుంది. నా తల కిందా, నట్టు కిందా వెడల్పాటి వాషర్లు వేశాడు, బిగింపుకి చెక్కలోకి దిగబడకుండా. ఈ లెక్కలు మేస్త్రికి కొట్టిన పిండి. ఇంజినీర్లకైతే చెక్కలో బోల్టు అతుకులకు ఐఎస్ 11096, మేకు అతుకులకు ఐఎస్ 2366 అనే భారతీయ ప్రమాణాలున్నాయి.

మొదటి వేసవిలోనే నాకు కష్టం వచ్చింది. చెక్క ఆరి కుంచించుకుపోయింది, నా పట్టు వదులైంది. నేను లావుగా ఉండి ఏం లాభం? మేస్త్రి స్పానరుతో నిచ్చెనెక్కి, నట్టుని అరచుట్టు తిప్పితే గానీ అతుకు మళ్లీ బిగుసుకోలేదు.

అందుకే చెబుతున్నా. కొట్టుకెళ్లి ఉత్త "లావుపాటివి ఇవ్వు" అనకండి. బరువు ఎటు లాగుతుంది, చెక్క పచ్చిదా ఎండినదా, గాలిలో ఉప్పుందా, ఈ మూడూ తేల్చుకుని మమ్మల్ని ఎంచుకోండి. ఏటా తుపానుల కాలానికి ముందు ఒక్కసారి నిచ్చెన వేసి మా నట్లు చూసుకోండి.