అరుగు మనది, ఆతిథ్యము కంపెనీది

ముంబాయి రహదారిపై మియాపూరునకును చందానగరునకును నడుమనున్న మదీనాగూడలో సాయంసమయమున ఏ మేడపై నిలిచి సెల్‌ఫోనులో వైఫై గుర్తు నొక్కినను, ఇరుగుపొరుగుల రూటర్ల నామధేయములు వరుసగా దిగివచ్చుచుండును. ఫ్లాటు సంఖ్యయే పేరుగా గలవి కొన్ని, ఇష్టదైవము పేర వెలసినవి కొన్ని, కంపెనీవారు తగిలించిన అంకెల తోకను కత్తిరించుటకు తీరిక చాలక అట్లే విడువబడినవి కొన్ని. "పాస్‌వర్డ్ అడగొద్దు ప్లీజ్" అని ముందుగనే నమస్కరించునది యొకటి. పేరు ఏదైనను ప్రక్కన చిన్న తాళము బొమ్మ మాత్రము తప్పదు. పసుపు కుంకుమలు, పెరుగు తోడు, ఊరికి పోవునపుడు ఇంటి తాళముచెవి సైతము నిస్సంకోచముగా ఇచ్చిపుచ్చుకొను ఇల్లాండ్రు, ఈ విషయమునకు వచ్చునప్పటికి "అది మా బాబుకే తెలుసండీ, నాకు రాదు" అని మృదువుగా తప్పించుకొందురు.

ఈ గోప్యతకు కారణము లేకపోలేదు. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషములు ముందుగా వార్తాసంస్థలకు అందిన బెదిరింపు లేఖ, నవీ ముంబాయిలో కాపురముండిన ఒక అమెరికా దేశీయుని ఇంటి వైఫైమీదుగా పోయినదని తేలినది. తాళము లేని ఆ వైఫైని వాడుకొన్నది ఎవరో, విచారణ పాలైనది మాత్రము గృహస్థు. పిదప 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆజ్ఞాపత్రమంపి, చందాదారుల వైఫైని వాడువారు ఎవరైనది తెలియునట్లు కట్టుదిట్టము చేయవలెనని శాసించెను. అనగా, పరులకు తన వైఫైని పంచకుండుట మన దేశమున కేవలము పిసినారితనము గాదు, పౌరధర్మమే.

ఇట్టి ధర్మమునందు మనము స్థిరపడియుండగా, సముద్రముల కావల వేఱొక ధర్మము పుట్టినది. అమెరికాలో కామ్‌కాస్ట్ అను మహాసంస్థ 2013లో ఒక ఉపాయమును అమలుపఱచెను. చందాదారుడు నెలనెల అద్దె చెల్లించుచు తన ముందుగదిలో నిలుపుకొన్న రూటరునందే, అతడు పెట్టుకొన్న పేరునకు తోడుగా రెండవ పేరొకటి వెలయించి, వీధిని పోవుచున్న తన యితర చందాదారులు దానిద్వారా ఇంటర్నెట్టును అనుభవించునట్లు చేయుటయే ఆ యుపాయము. 2014 జూన్‌లో మన తెలుగువారు వేలుగా నివసించు హ్యూస్టన్ నగరమున ఒక్క విడతగా 50,000 ఇండ్ల రూటర్లకు ఈ ద్వితీయ నామకరణము జరిగినది. వేడుక జరిగినది ఇంటిలోనే, ఇంటివారే పిలుపునకు నోచుకొనలేదు. వలదనువారు తామై వెదకికొని పోయి వలదని చెప్పుకొనవలెను. ఊరకున్నవారందఱు సమ్మతించినట్లే లెక్క. ఆ ఏడు డిసెంబరులో కొందఱు చందాదారులు శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ న్యాయస్థానమున దావా వేసి, మా యనుమతి లేదు, కరెంటు మాది, భద్రతాభయము మాది, లాభము వారిదని మొఱపెట్టుకొనిరి. రెండు దారులు వేఱువేఱు, వీధివాడు మీ ఇంటి కంప్యూటర్లవంక తొంగిచూడలేడు, మీ వేగము తఱుగదు అని కంపెనీ వాదము. సాంకేతికముగా ఆ మాటలో నిజమున్నది, కాని ఇల్లు అడుగకుండ వాడుకొన్నవానిని "అడిగితివా?" యన్న, "ఏమియు పాడుచేయలేదు" అనుట సమాధానము కాజాలదు. 2021 జూన్ 8న అమెజాన్ సంస్థయు సైడ్‌వాక్ అను పేర అమెరికాలోని తన ఎకో స్పీకరు యంత్రములచేత ఇట్టి పరోపకారమునే ఆరంభింపజేసెను. నెలకు 500 ఎంబీలకు మించి పంచబోమను హద్దును తానే విధించుకొనినది గనుక, పరుల సొత్తుతో చేయు దానమునందు మితము పాటించినదని మెచ్చుకొనవలసియున్నది.

మన పెద్దలు ఇల్లు కట్టునపుడు వీధివైపున అరుగు వేయించెడివారు. బాటసారి దానిపై కూర్చుండును, వాన వచ్చిన తలదాచుకొనును, ప్రొద్దుపోయిన పండుకొనును. అతని కులగోత్రముల నడుగువారు ఉన్నను అద్దె నడిగినవారు లేరు. ఆ అరుగును గృహస్థు తన యిష్టముతో, తన సున్నముతో, తన పుణ్యము నిమిత్తము కట్టుకొనెను. నేడు వచ్చినది అట్టి అరుగే, కాని దీనిని మనల నడుగకుండ మన గోడకు అంటగట్టినది తాపీమేస్త్రీ. కూర్చుండువారిని ఏఱునది మేస్త్రీ. ఊరిలో ఇన్నివేల అరుగులు మాకున్నవని పత్రికలలో ప్రకటించుకొనునది మేస్త్రీ. వెల్ల వేయించునది మాత్రము మనము. 2005లో మాడ్రిడ్‌లో పుట్టిన ఫాన్ అను సంస్థ కొంత మర్యాదగలది: నీ వైఫైని నీవు పంచినచో, తోటి సభ్యుల వైఫై నీకు ఊరూర ఉచితమని ఎదుటనే చెప్పెను. అది ఇచ్చిపుచ్చుకొనుట. ఇది పుచ్చుకొనుట.

ఇక్కడ పాఠకులు, మన కంపెనీలును వెంటనే ఈ పరోపకారదీక్ష పట్టునని భయపడవచ్చును. అసలు విచిత్రము అందులో లేదు. అదే దానమును చందాదారుడే చేయబూనినపుడు ఏమి జరిగినదో అందున్నది.

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము పీఎం-వాణి అను పథకమునకు ఆమోదముద్ర వేసెను. దాని సారమిది: వెనుకటి ఎస్టీడీ బూతువలెనే, కిరాణా కొట్టువాడు గాని, చాయ్ హోటలువాడు గాని, ఇంటి గుమ్మమున కూర్చున్న పెద్దాయన గాని, ఒక బ్రాడ్‌బ్యాండు కనెక్షను తీసికొని రూటరు నొకదానిని నిలిపి, వీధివారికి అయిదు పదులకు ఇంటర్నెట్టు అమ్ముకొనవచ్చును, లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు, రుసుము లేదు. తాళము వేయుమని పదునొకండేండ్లు బోధించిన శాఖయే తలుపు తెఱచి బల్ల వేసికొని కూర్చుండుమనుట కాలమహిమ. 2018 నాటి జాతీయ టెలికాం విధానము 2022 నాటికి ఒక కోటి వైఫై కేంద్రములు వెలయునని పలికియుండెను. 2025 మార్చి నాటికి ఈ పథకము క్రింద వెలసినవి సర్కారువారి లెక్కలోనే మూడు లక్షలకు లోపు.

కోటి ఎక్కడ చిక్కుకొన్నది? చాయ్ హోటలువాని గల్లాపెట్టెయొద్ద. మదీనాగూడలోని ఏ హోటలు యజమానియైనను ఇంటింట అమ్ముచున్న ప్లానునే తీసికొని వీధివారికి పంచుదునన్నచో ఆ నాళ్లలో కంపెనీలు ఒప్పుకొనెడివి కావు. వ్యాపారమునకైనచో ఇంటర్నెట్ లీజుడు లైను తీసికొనుమనెడివి. ఆ లైను ఖరీదు ఇంటి ఫైబరు ధరకు 40 మొదలు 80 రెట్లవరకు పోవుచుండెనని వ్రాసినది ఏ గిట్టనివాడో కాదు, టెలికాం కంపెనీలను నియంత్రించు ట్రాయ్ సంస్థయే. గాజుతీగ అదే, స్తంభము అదే, దానిపై కూర్చున్న కాకి అదే. తెచ్చి బిగించు కుఱ్ఱవాడును అతడే. ధర మాత్రము కొనువాని యుద్దేశమునుబట్టి మాఱెడిది. పదిరూపాయల చాయ్‌తో పాటు పదిరూపాయల ఇంటర్నెట్టు అమ్మి ఆ ఋణము తీర్చవలెనన్న, హఫీజ్‌పేట రైల్వేస్టేషను జనమంతయు అతని బల్లలయొద్దనే సంసారము చేయవలసియుండెడిది.

దీనికి విరుగుడుగా ట్రాయ్ 2024 ఆగస్టులో ఇంటివానికి ఎంతయో హోటలువానికిని అంతే యుండవలెనని ముసాయిదా వెలువరించెను. కంపెనీలు ఘోషించెను. తుదకు 2025 జూన్‌లో, 200 ఎంబీపీఎస్ వేగమువరకు, ఇంటి ధరకు రెట్టింపు మించరాదని తీర్పు చెప్పబడినది. ఎనుబది రెట్లనుండి రెండు రెట్లకు దిగిన బేరము మన మోండా మార్కెట్టులో సైతము అపూర్వము. ఆ ఎనుబదిలో న్యాయమెంత, బెదిరింపెంత యన్నది వారి మనస్సాక్షికే వదలుదము.

సర్కారువారు స్వయముగా కట్టిన అరుగులును లేకపోలేదు. 2014లో హైటెక్ సిటీ రహదారివెంట ఉచిత వైఫై వచ్చినదని సంబరపడితిమి. 2017లో హై-ఫై అను పేర నగరమంతట వేయి కేంద్రములని మఱల సంబరపడితిమి. వానికంటె ఇచ్చటి హాస్టళ్ల పద్ధతి ఘనమైనది. దీప్తిశ్రీనగర్ ప్రాంతమున ఏ పీజీ హాస్టలులోనికి తొంగిచూచినను మెట్లక్రింద చెప్పుల గుట్టపైన, గోడకు టేపుతో అతికించిన కాగితముమీద పాస్‌వర్డు వ్రాసియుండును. నెల మాఱినపుడు బాడుగ ఈయనివానికి తెలియకుండ దానిని మాఱ్చుదురు. కేంద్రీకృత ధ్రువీకరణమన్న ఇదియే. ఏ శాఖయు దీనిని శాసింపలేదు, ఏ మంత్రియు రిబ్బను కత్తిరింపలేదు, ముప్పదిమంది కోడు వ్రాయుచున్నారు.

ఇటీవల మా అపార్టుమెంటులో రూటరుపై ఎఱ్ఱదీపము వెలుగగా సరిచేయ వచ్చిన కుఱ్ఱవానిముందు ఈ విషయమంతయు విప్పితిని. "ఫైబర్ కట్టయింది సార్, మూలమీద ఎవరో కోసిండ్రు" అని అతడు తీగ నతుకుచు సావధానముగా వినెను. వీధికి అమ్ముకొనువాడు ఇంటి ధరకు రెట్టింపు చెల్లించుట న్యాయమైనచో, ఎపుడైన మీ కంపెనీయే నా రూటరులో రెండవ పేరు పెట్టి వీధికి పంచెనేని, అదే న్యాయమున రెట్టింపు చెల్లింపవలసినది కంపెనీయే గదా. అట్టి బిల్లును నేను ఎవరి పేర పంపవలెను, 18 శాతము జీఎస్టీ దానికి చేర్చవలెనా వలదా యని యడిగితిని.

అతడు దీపము పచ్చబడువఱకు మాటలాడలేదు. పిదప సంచి భుజమున వేసికొనుచు, "కస్టమర్ కేర్‌కు ఫోన్ జేసి టికెట్ రైజ్ చెయ్యండి సార్. నలభై ఎనిమిది గంటలల్ల రిజాల్వ్ అయిందని మెసేజ్ వస్తది. పని అయినా కాకున్నా మెసేజ్ మాత్రం పక్కా వస్తది," అనెను.