తిప్పి పంపిన బండి

ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే మన ఇంజనీర్లకు వీసా కన్నా ముందు ఇంకో గడప దాటాల్సి ఉంటుంది. నువ్వు చదివిన చదువు మా చదువుకు సాటి వస్తుందా, నువ్వు చేసిన పని మా లెక్కలో పనేనా అని అక్కడి వృత్తి సంఘం తేల్చాలి. సివిల్, మెకానికల్ లాంటి శాఖలవాళ్లకు ఆ సంఘం ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. ఇంజనీరింగ్ కోర్సులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో మనకు 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం వచ్చింది. ఇక మన పిల్లల పట్టాలు ఎక్కడైనా చెల్లుతాయని ఆ వార్త చదివి నేనూ సంతోషించాను. కానీ చెల్లేది మన జాతీయ గుర్తింపు మండలి ఎన్‌బీఏ ఇచ్చే మొదటి శ్రేణి గుర్తింపు ఉన్న కోర్సులే. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కాలేజీలు రెండో శ్రేణి కిందికి వస్తాయి, ఏ గుర్తింపూ లేనివీ ఉన్నాయి. ఊళ్లలోంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునే పిల్లలు ఎక్కువగా చేరేది అలాంటి కాలేజీల్లోనే. వాళ్లు తమ సత్తాను విడిగా రుజువు చేసుకోవాలి.

అందుకోసం సీడీఆర్ అనే నివేదిక ఇవ్వాలి. చదువులో, ఉద్యోగంలో తాను స్వయంగా చేసిన మూడు పనులను మూడు ఘట్టాలుగా రాయాలి. ఒక్కో ఘట్టం వెయ్యి నుంచి రెండున్నర వేల మాటలు. మా బృందం చేసింది, మా కంపెనీ చేసింది అంటే కుదరదు. నేను గమనించాను, నేను లెక్క కట్టాను, నేను నిర్ణయించాను అని రాయాలి. ఒకరి ఘట్టం ఇంకొకరు ఎత్తి రాస్తే దరఖాస్తు తిప్పికొట్టి, మళ్లీ పెట్టుకోకుండా నిషేధం కూడా పెడతారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. మార్కుల జాబితా కన్నా మనిషి చేసిన పని అడగడం న్యాయమే.

హైదరాబాద్ గోపన్‌పల్లిలో మా వీధి చివర అద్దెకుండే ఒక అబ్బాయి ఈ నివేదిక పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. మక్తల్ వైపు పల్లెటూరు, సివిల్ ఇంజనీరింగ్, ఆరేళ్లుగా ఇక్కడి అపార్ట్‌మెంట్ సైట్లలో ఇంజనీరు. నాన్న ఏం చేస్తారని అడిగితే "ఊళ్లో వ్యవసాయం, అంకుల్" అన్నాడు. నెమ్మదస్తుడు. డబ్బు తీసుకుని నివేదికలు రాసిపెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకుండా తానే కూర్చుని రాసుకున్నాడు, అందుకే నాకు ఇష్టం కలిగింది.

మొదటి రెండు ఘట్టాలు మామూలుగా ఉన్నాయి. ఒకటి కాలేజీ ప్రాజెక్టు, ఇంకొకటి వాననీటి కాలువల డిజైన్. మూడోది చదువుతుంటే నా వెన్ను నిటారైంది.

గోపన్‌పల్లి తండా దగ్గర ఫ్లైఓవర్ ఇంకా తెరవని రోజులు. అది 2024 జూలైలో తెరిచారు, అంతకుముందు ఆ కూడలిలో ఇరుక్కున్న బండి ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. అక్కడ ఒక రెడీమిక్స్ బండి ఇరుక్కుంది. లోపల ఆరు ఘనపు మీటర్ల కాంక్రీటు. మసాలా కలిపిన రెండు గంటల్లోపు పోసెయ్యాలని మన ఐఎస్ 4926 ప్రమాణం చెబుతుంది. బండి సైటుకు చేరేసరికి ఆ గడువు దాటింది. గట్టిపడుతున్న మాలు పంపులో ఆడాలని డ్రైవరు నీళ్లు కలిపేశాడు. కంటికి చక్కగా జారుతోంది. పోయాల్సింది కింది అంతస్తు స్తంభాల్లో, పైన పాతిక అంతస్తులు లేవాలి. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది, ఆ సంగతి ఇరవై ఎనిమిది రోజుల తర్వాత దిమ్మెలు పగలగొట్టినప్పుడు గానీ కాగితం మీదికి రాదు. అప్పటికి పైన ఇంకో రెండు అంతస్తులు వేసేసి ఉంటారు.

ఆ ఘట్టంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మంచి మాలు పంపు తొట్టిలో దబ్బున ముద్దగా పడుతుందనీ, నీళ్లు కొట్టిన మాలులో కంకర విడిపోయి జల్లెడ మీద గలగలమంటుందనీ, ఆ చప్పుడు బట్టే అనుమానం వచ్చిందనీ రాశాడు. ముప్ఫై ఏళ్లకు పైగా కాంక్రీటు చూసిన నేను చెవితో పట్టిన మనిషి గురించి వినలేదు. తర్వాత స్లంప్ పరీక్ష చేశారు. ముప్ఫై సెంటీమీటర్ల గరాటు ఎత్తగానే కుప్ప మొత్తం కూలి పళ్లెంలో పరుచుకుంది. బండిని తిప్పి పంపారు.

"ఈ చప్పుడు సంగతి నీకెవరు నేర్పారు?" అన్నాను.

"సైటు అనుభవమే, అంకుల్."

ఇంకో చిక్కు కనిపించింది. తక్కిన రెండు ఘట్టాల్లోనూ 'నేను', 'నేను' అని సూటిగా రాసినవాడు, సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి ఇంగ్లీషులో అనుమానం కలిగింది, పోత ఆపబడింది, బండి పంపబడింది అంటూ చేసినవాళ్లెవరో తెలియకుండా రాశాడు. "వాళ్లు వెతికేది ఈ మూడు వాక్యాల్నే. ఎవరు ఆపారో చెప్పకపోతే ఘట్టమంతా వృథా" అన్నాను. ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మూడు చోట్లా 'నేను' అని కొట్టి, మూత వేసి, థాంక్స్ చెప్పి వెళ్లాడు.

కొన్ని నెలల తర్వాత ఫలితం వచ్చింది. మూడూ ఒప్పుకున్నారు. ప్రొఫెషనల్ ఇంజనీర్ హోదా, చదువు ఆస్ట్రేలియా డిగ్రీతో సమానం. వీసా పాయింట్లలో కనీసం కావలసిన అరవై ఐదూ దాటుతున్నాయి. ఆ ఆదివారం మిఠాయి డబ్బాతో వచ్చాడు, వెంట తండ్రి. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు. నమస్కారం పెడుతుంటే చేతులు చూశాను. గోళ్ల చుట్టూ తెల్లగా సున్నం తిన్నట్టుంది, వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. పొలం పని చేసే చేతులు అలా ఉండవు. సిమెంటు కొరికిన చేతులు అలా ఉంటాయి.

అబ్బాయికి కన్సల్టెంటు నుంచి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లాడు.

"మీరు ఏ పని చేస్తారు?" అనడిగాను.

"కాంక్రీటు గుంపు మేస్త్రిని సారూ. చిన్నప్పుడు ఇటుక పని, ఇప్పుడు స్లాబులు, పిల్లర్లు. పోరడు పుట్టకముందు నుంచీ ఇదే పని. ఇప్పుడు కొల్లూరు దిక్కు సైటు నడుస్తున్నది."

పాలమూరు గుంపు మేస్త్రులను నా ఉద్యోగమంతా చూశాను. వాళ్లు లేకుండా మా శాఖ ఒక్క కాలువకు లైనింగ్ వేయలేదు. ఇంత అనుభవానికి ఏమైనా సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. లేబర్ కార్డు ఉందన్నాడు. ఇక్కడికి దగ్గర్లోనే, 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ ఉంది, చేతిలో ఉన్న పనితనాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి దేశంలో వచ్చింది, ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఇటుక పని, టైల్స్ పని ఆస్ట్రేలియా వాళ్ల నైపుణ్య వృత్తుల జాబితాలో ఉన్నాయి. కానీ అక్కడివాళ్లు జీతం రసీదులు, బ్యాంకు ఖాతా లెక్కలు, యజమాని ఉత్తరాలు అడుగుతారు. శనివారం బట్వాడా చేతిలో పెట్టించుకుని బతికినవాడు అవి ఎక్కడి నుంచి తేగలడు? పైగా పాయింట్ల వీసాకు నలభై ఐదేళ్లు నిండకూడదు. ఇదంతా తలుచుకుంటే నాకు కోపమొస్తుంది, ఇప్పటికీ వస్తుంది.

"గా కాయితంల ఏం రాసిండో జర తెలుగుల చెప్పుండ్రి సారూ. నా కొడుకు ఏం పని జేసిండని ఒప్పుకున్నరు?" అన్నాడు.

బల్లమీదున్న ప్రతి తీసి మూడో ఘట్టం చెప్పాను. కూడలిలో ఇరుక్కున్న బండి, నీళ్లు, కంకర చప్పుడు, కూలిన గరాటు కుప్ప. మధ్యలోనే ఆయన తల ఊపడం ఆపేశాడు.

"గా బండి సంగతా..." అన్నాడు. "దబ్బున పడాల్సింది గలగలమన్నది సారూ. నీళ్లు గొట్టిండ్రని సమజైంది. పంపుకు అడ్డం నిలవడ్డ. పెద్ద సారు వచ్చి పరీక్ష చేపిచ్చిండు."

చప్పుడు ఎవరు నేర్పారో అప్పుడర్థమైంది. "అయితే మీరు చెబితే మీవాడు బండి తిప్పి పంపాడన్నమాట" అన్నాను.

ఆయన ఆ మాటకు జవాబు చెప్పలేదు. "గా సైటుల మేం తండ్రీకొడుకులమని ఎవ్వరికి తెల్వది సారూ. చెప్పకు నాయినా అన్నడు, చెప్పలే."

"అంత పెద్ద ముప్పు తప్పించారు. కంపెనీవాళ్లు ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చిండ్రు. శనారం బట్వాడా ఇచ్చి గుంపునంతా పొమ్మన్నరు."

"అదేంటి! ఎందుకు?"

"గా దినం ఇంజనీరు సారు పొయ్యమన్నడు, నేను పొయ్యనన్న. కూలోళ్ల ముందట నా మాట కాదన్నడని కంపెనీకి కాయితం రాసిచ్చిండు."

నాకు ఒళ్లు మండింది. "ఎవడా ఇంజనీరు? వాడి పేరేంటి?" అన్నాను.

బాల్కనీ వైపు ఒకసారి చూసి, నా చేతిలోని కాగితం మీదికి కొద్దిగా వంగాడు. "పేరు గండ్లనే ఉంటది గద సారూ. నాకు ఇంగ్లీషు రాదు, మీరే సూడుండ్రి."