తాడేసి కట్టిన ట్యాంకు

మరపడవలో ఇంజనుకి మెకానిక్ ఉంటాడు, వలకి అల్లేవాళ్లుంటారు, పడవ ముక్కుకి పసుపూ కుంకుమా నిమ్మకాయలూ ఉంటాయి. డీజిల్ ట్యాంకుని పట్టుకుని నిలబెట్టే బ్రాకెట్టుకి మాత్రం నైలాన్ తాడు ఉంటుంది. బ్రాకెట్టు విరిగిందనగానే ముందు వెతికేది ఆ తాడునే. అది చాలకపోతే సందులో పాత టైరు ముక్క. చేతిలో కాస్త డబ్బాడేవాళ్లయితే మునుపటికంటే లావు బోల్టు. ఈ మూడింట్లో ఏదీ రిపేరు కాదన్నది నా వాదన. అందులోనూ లావు బోల్టు మరీ ప్రమాదం, ఎందుకంటే అది చూడ్డానికి అచ్చం రిపేరులాగే ఉంటుంది.

200 లీటర్ల డీజిల్ అంటే సుమారు 170 కిలోలు, ట్యాంకు బరువు కాక. అదైనా కుదురుగా కూర్చునే బరువా? ట్యాంకు నిండుగా ఉంటే కొంత నయం. సగమైందా, డీజిల్ అందరూ లేచాక విస్తరి ముందుకొచ్చే అలిగిన అల్లుడైపోతుంది: పడవ ఇటు ఒరిగినప్పుడు రాక, తీరా అటు తిరిగే వేళకి వచ్చి గోడని గుద్దుతుంది. ఏడు సెకన్లకో ఊపు లెక్కేసుకున్నా గంటకి 500 పైచిలుకు, పది గంటలకి 5000. బ్రాకెట్టు ఒక్క దెబ్బకి విరగదు. రవ్వంత రవ్వంత వంగి, అలిసి, బోల్టు కన్నం దగ్గరో వెల్డింగ్ అంచునో వెంట్రుకంత పగులిచ్చి, అప్పుడు విరుగుతుంది. కాబట్టి అడగాల్సింది అదెంత సన్నగా ఉందని కాదు, అసలెందుకు కదిలిందని.

జవాబు చాలాసార్లు కిందే ఉంటుంది. ఫైబర్ పడవల్లో బ్రాకెట్టు స్క్రూలు తరచూ దిగేది ఫైబర్ పొర కింద దాగిన ప్లైవుడ్‌లోకి. స్క్రూ పక్కనుంచి నీళ్లు దిగితే ఆ చెక్క లోలోపలే నానుతుంది; పైపొర నిగనిగలాడుతూనే ఉంటుంది. సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా డబ్బుమంటుంది. స్క్రూ విప్పితే మరలకి నల్లటి తడి పొట్టు అంటుకొస్తుంది. అలాంటి చెక్కలో లావు బోల్టు దించడమంటే నీళ్లకి వాకిలి పెద్దది చేసివ్వడమే. కుళ్లిందంతా తీసేసి, చుట్టూ పూర్తిగా ఆరనిచ్చి, గ్రైండర్‌తో గరుకు చేసి, కొత్త చెక్క పెట్టి, ఫైబర్ మ్యాటూ రెజినూ పొరలు పొరలుగా వేసి, బోల్టుని చెక్కలోంచి అవతలికి దించి వెనక వెడల్పాటి పలకతో బిగిస్తే దాన్ని రిపేరు అనొచ్చు. ఇక టైరు ముక్క మెత్తగా ఉంటుంది, నిజమే. దాని కింద చేరిన ఉప్పునీరు బయటికి పోదు. అల్యూమినియం ట్యాంకు సరిగ్గా అక్కడే గుంటలు పడి కారుతుంది.

‘ఇన్నేళ్లుగా తాడుతోనే వెళ్లొస్తున్నాం కదా’ అంటారు. తాడు ట్యాంకుని పడిపోకుండా ఆపుతుంది, కదలకుండా ఆపదు. పైగా నైలాన్ తడిస్తే సాగుతుంది. ఆ కదలికంతా ఇంజనుకెళ్లే పైపు మీద పడి, అతుకు దగ్గర చుక్కలు మొదలవుతాయి. దాంతోపాటే ‘పడవన్నాక డీజిల్ వాసన మామూలే’ అనే శాస్త్రమూ పుడుతుంది. మరికొందరు ‘ట్యాంకు ఖాళీ చేసేశాం, ఓ వెల్డింగ్ టాకా వేస్తే పోలా’ అంటారు. పోతుంది, ఏమేం పోతాయో చెప్పలేం. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకంతా దాని చోటే. డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకునేంత ఆవిరినివ్వదన్నదీ నిజమే. వేల డిగ్రీల మంట పట్టుకొచ్చే వెల్డింగ్ రాడ్డుకి ఆ లెక్క ఎవరు చెబుతారు?

చివరికి మిగిలేది తీరిక లేదన్న సాకు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. విశాఖలో, కాకినాడలో పడవలు మరమ్మతులకెక్కేది అప్పుడే. పడవ పేరు పచ్చ మీద ఎరుపులో రాయించాలా, నీలం మీద పసుపులోనా అన్న చర్చకే అందులో వారం పోతుంది. రెజిన్ గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు చాలు, అదీ పక్కన ఎవరూ కూర్చుని చర్చించనక్కర్లేకుండా.